‘ఈ వారమే ఖాళీ చేసిన బూర్బన్ పీపా’ కొంటున్నారా? ముందు బిరడా తీసి వాసన చూడండి

మొన్న 18 లీటర్ల ఇంపీరియల్ స్టౌట్ (ఘాటైన నల్ల బీరు) సింకులో పారబోశాను. 11 కిలోలకు పైగా మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం), ఒక రోజంతా పొయ్యి దగ్గర నిలబడిన నడుము నొప్పి, ఐదు నెలల ఓపిక, అన్నీ నల్లటి ధారగా పోతుంటే చూస్తూ నిలబడ్డాను. గది మూడు రోజులు వెనిగర్ వాసన కొట్టింది. ఇంట్లో బీరు కాచి పీపాలో మాగబెట్టాలని ఉబలాటపడేవాళ్లు నాలా ఎంతోమంది ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఆ బీరుని పాడుచేసిన పీపా నాకు అమ్మినవాళ్ల పేరు రాయను. వాళ్లు చెప్పే మాటలు మాత్రం రాస్తాను. ఆ మాటలు ఎవరి నోట విన్నా ఆగి ఆలోచించండి.

ప్రకటనలో ఉన్నది ఇది: బూర్బన్ (అమెరికన్ విస్కీ) మాగిన 20 లీటర్ల ఓక్ చెక్క పీపా, ఈ వారమే ఖాళీ చేసినది, ఎన్ని కావాలన్నా ఉన్నాయి. ఫోటోలో పీపా నిగనిగలాడుతోంది. అసలు ‘ఎన్ని కావాలన్నా’ దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. బూర్బన్ అనిపించుకోవాలంటే ఆ మద్యాన్ని లోపల కాల్చిన కొత్త ఓక్‌లో ఉంచాలని అమెరికా చట్టం. అందుకే ఒకసారి వాడిన పీపాలు డిస్టిలరీల (మద్యం తయారుచేసే చోట్ల) నుంచి ఇన్నేసి బయటికి వస్తాయి. కానీ అవి దాదాపు అన్నీ 200 లీటర్ల పెద్ద పీపాలు. 20 లీటర్లవి వాడే చిన్న డిస్టిలరీలు లేకపోలేదు, కాకపోతే అవి గుట్టలు గుట్టలుగా దొరికే సరుకు కాదు. ఏ డిస్టిలరీది, ఏ రోజున ఖాళీ చేశారు అని అడిగాను. ‘మంచి చోట నుంచే వచ్చిందండీ’ అన్నారు. తేదీ చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

పార్సిల్ విప్పగానే రెండు విషయాలు తెలిశాయి. ఇనుప కట్టు ఒకటి చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. బిరడా తీసి ముక్కు పెడితే ఏ వాసనా లేదు. బూర్బన్ వాసన లేదు, కాలిన చెక్క వాసన లేదు, ఏదో పాత పెట్టె తెరిచినట్టు ఉంది. ఫోన్ చేస్తే ‘దారిలో ఎండింది, వేడినీళ్లు పోయండి, అదే బిగుసుకుంటుంది’ అన్నారు. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే నన్ను ముంచింది. ఎండిన ఓక్ నీళ్లు తాగితే ఉబ్బుతుంది, పలకల మధ్య సందులు మూసుకుంటాయి. నాది రెండు రోజులు కారి మూడో రోజుకి నిలబడింది. నిలబడింది కదా అని సంబరపడ్డాను. అసలు ఎందుకు ఎండింది అని అడగడం మర్చిపోయాను.

ఆ ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. బూర్బన్‌ని గరిష్ఠంగా 62.5 శాతం ఆల్కహాల్ దగ్గర పీపాలో నింపవచ్చు. ఆ ఘాటు పలకల లోపలి దాకా ఇంకుతుంది. ఖాళీ చేసిన కొత్తలో ఆ చెక్కలో లీటర్ల కొద్దీ మద్యం దాగి ఉంటుంది. మనకి వెనిలా, కొబ్బరి లాంటి రుచులతో పాటు కొంచెం బూర్బన్‌ని కూడా ఇచ్చేది అదే, క్రిములను దగ్గరికి రానివ్వనిదీ అదే. పీపా ఎండిపోయిందంటే కాపలా ఉన్న ఆల్కహాల్ ఆవిరైపోయింది. ఆ తర్వాత అందులోకి ఏదైనా రావచ్చు. వచ్చినది చెక్క రంధ్రాల్లో కొన్ని మిల్లీమీటర్ల లోతున స్థిరపడుతుంది. మనం పోసే శానిటైజర్ అంత లోతుకు పోదు. మరిగే నీళ్లతో కొంత తగ్గుతుంది గానీ గాజు జాడీని కడిగినట్టు చెక్కను ఎవరూ కడగలేరు.

బీరు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో తప్పు లేదు. పేల్ మాల్ట్ మీద రోస్టెడ్ బార్లీ, చాక్లెట్ మాల్ట్, నలిపిన ఓట్స్. మాష్ (మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టడం) 67 డిగ్రీల దగ్గర. మొదలు గ్రావిటీ (నీళ్లు 1 అనుకుంటే ద్రవం చిక్కదనం, చక్కెర ఖర్చయ్యేకొద్దీ తగ్గుతుంది) 1.102, ఈస్ట్ దండిగా వేసి 18 డిగ్రీల దగ్గర పులియబెడితే 1.027 దగ్గర ఆగింది. అంటే దాదాపు 10 శాతం ఆల్కహాల్. నెల పైన గాజు కార్బాయ్‌లో (పెద్ద గాజు సీసాలో) తేరుకున్నాక పీపాలోకి దించాను. 20 లీటర్ల పీపా అన్నది 18 లీటర్లకే బిరడా దాకా నిండిపోయింది! అప్పుడు ఒళ్లు మండింది. మిగిలిన మూడున్నర లీటర్లను విసుక్కుంటూనే సీసాల్లో పట్టి పక్కన పెట్టాను. ఆ కొరత సీసాలే తర్వాత నా తరఫు సాక్షులయ్యాయి.

పీపాలో మూడో వారం రుచి చూస్తే బాగానే ఉంది, కాస్త చెక్క రుచి తగిలింది. ఆరో వారం గ్లాసులో నెయిల్ పాలిష్ వాసన. ఆల్కహాల్ ఘాటేలే, మాగితే సర్దుకుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. (కష్టపడి కాచిన బీరు మీద మనకుండే మమకారం ముక్కుని కూడా మోసం చేస్తుంది.) ఆ వాసన ఇథైల్ ఎసిటేట్‌ది. ఎసిటిక్ ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే పుట్టేది, అంటే వెనిగర్ రాకకు ముందు వచ్చే కబురు. తొమ్మిదో వారానికి గొంతు వెనక పులుపు గీరింది. పదకొండో వారానికి నోట్లో పెట్టుకోలేని స్థితి. పీహెచ్ (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.3 నుంచి 3.7కి జారింది. గ్రావిటీ 1.016కి దిగింది.

ఈ రెండో అంకె దగ్గర కాసేపు ఆగండి. వెనిగర్ చేసే ఎసిటోబ్యాక్టర్ తినేది ఆల్కహాల్‌ని, దానికి గాలి కావాలి. కారుతున్న పీపా దానికి పుట్టిల్లు, బీరు బయటికి పోయిన సందులోంచే గాలి లోపలికి వస్తుంది. కానీ అది ఒక్కటే అయితే గ్రావిటీ 11 పాయింట్లు (1.027 నుంచి 1.016కి) పడిపోదు. మామూలు ఏల్ ఈస్ట్ వదిలేసిన పొడవాటి చక్కెరలను కూడా ఎవరో తిన్నారు. ఆ పని బ్రెట్టనోమైసిస్ లాంటి అడవి ఈస్ట్‌లు చేస్తాయి. కాబట్టి ఆ చెక్కలో కాపురం ఉన్నది ఒకరు కాదు. 10 శాతం ఆల్కహాల్ ఉన్న బీరుకి ఏమీ కాదని ధీమాగా ఉన్నాను నేను. అది వట్టి భ్రమ.

ఫిర్యాదు చేస్తే మొదట వచ్చిన జవాబు ‘మీ శుభ్రతలో లోపం’ అని. అప్పుడు ఆ సీసాలు తెరిచాను. అదే బీరు, అదే రోజు, అదే గొట్టంతో పట్టినది. పీహెచ్ 4.3, గ్రావిటీ దాదాపు మారలేదు, కాఫీ, ఎండుద్రాక్ష వాసనలతో చక్కగా ఉంది. అంకెలన్నీ పంపించాను. అప్పుడు మాట మారింది: ‘అది అలంకరణకు అమ్మిన వస్తువు, ప్రకటన చివర రాశాం.’ నిజంగానే రాశారు, చీమ తలకాయంత అక్షరాల్లో. ఇంకా, లోపల ద్రవం పోసినవాటిని వెనక్కి తీసుకోరట. ద్రవం పోయకుండా పీపా మంచిదో కాదో ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు.

ఆ కోపంలోనే కట్లు ఊడగొట్టి పీపాని విడదీశాను. లోపలి నలుపు వేలితో రుద్దితే మసిలా ఊడి వచ్చింది, కింద లేత చెక్క. నిజమైన బూర్బన్ పీపాలో కాలిన పొర మందంగా, మొసలి వీపులా పగుళ్లతో ఉంటుంది. పలకను అడ్డంగా కోస్తే మద్యం ఎంత లోతుకి ఇంకిందో చెప్పే ఎర్రటి గీత కనిపిస్తుంది. నా పలకలు నాలుగు కోశాను, గీత జాడే లేదు. బూర్బన్ అందులో మాగనే లేదు. మూతపలక అంచున మాత్రం మైనం లాంటిది పూసి ఉంది, దాని వెనక నల్లటి బూజు. ఆ పీపాలో అంతకుముందు ఏం పోశారో దేవుడికే తెలియాలి.

కాబట్టి కొనే ముందు పీడించి అడగండి. ఖాళీ చేసిన తేదీ, దాని ముందు ఏ మద్యం ఎంతకాలం ఉంది, బిరడా కన్నంలోంచి లోపలికి తీసిన ఫోటో. ఈ మూడింట్లో ఒక్కటి ఇవ్వడానికి నసిగినా వదిలేయండి. నీళ్లు పోసి పరీక్షించాక నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట నిలబడదు. చేతికి వచ్చాక మొదటి పని వాసన. బూర్బన్ గుప్పుమనాలి, ఊపితే లోపల కాస్త తడి చప్పుడో, బొగ్గు ముక్కల గలగలో వినిపిస్తే ఇంకా మంచిది. పులుపు, బూజు, నెయిల్ పాలిష్, వీటిలో ఏది తగిలినా బీరు దగ్గరికి కూడా రానివ్వకండి. చీకటి గదిలో లోపల చిన్న లైటు వేలాడదీస్తే పలకల సందులూ పురుగు కన్నాలూ చుక్కల్లా కనిపిస్తాయి. బయట దట్టంగా వార్నిష్ పూసి ఉంటే అది బల్ల మీద పెట్టుకునే బొమ్మ అని అర్థం. కొలత మీద అనుమానం ఉంటే ఖాళీగా ఒకసారి, నీళ్లతో ఒకసారి తూకం వేయండి. తేడా ఎన్ని కిలోలుంటే అన్ని లీటర్లు.

ఆ నీళ్లను ఒక రోజు ఉంచి పారబోసే ముందు గ్లాసులోకి తీసుకుని వాసన చూడండి, చుక్క నాలుక మీద వేసుకోండి. నేను చేయనిది ఇదే. రెండు రోజుల నీళ్లను మొహం తిప్పుకుని పారబోశాను. ఆ గ్లాసు చూసి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు.

పాడైన పీపాని బాగుచేద్దామని బ్లీచింగ్ మాత్రం పోయకండి. క్లోరిన్ చెక్కలోని పదార్థాలతో కలిసి తడి అట్టముక్క లాంటి ముక్కిన వాసన పుట్టిస్తుంది, అది ఇక పోదు. మద్యం ఘాటు ఇంకా ఉన్న తాజా పీపాలో క్రిములు చావాలని గంధకపు వత్తి వెలిగించడం అంతకంటే ప్రమాదం, ఆవిరి అంటుకుని పేలవచ్చు. రుచి చూడటానికి మూతపలకకి చిన్న కన్నం వేసి మేకు దిగ్గొట్టే పద్ధతి ఉంది, మంచిదే, కాకపోతే ఆ మేకు స్టెయిన్‌లెస్ స్టీల్‌ది అయి ఉండాలి. మామూలు ఇనుము ఓక్‌లోని టానిన్లతో కలిసి నల్లబారుతుంది, బీరుకి రక్తం లాంటి రుచి పట్టిస్తుంది.

ఇంకో మాట. నిజాయితీగా అమ్మిన చిన్న పీపా దొరికినా ‘ఏడాది మాగబెట్టండి’ అనే సలహా వినకండి. అది 200 లీటర్ల పీపాలకు చెప్పిన మాట. అదే ఆకారంలో 20 లీటర్లకు తగ్గిస్తే ప్రతి లీటరుకి తగిలే చెక్క రెండింతలు దాటుతుంది, 5 లీటర్లకు తగ్గిస్తే దాదాపు మూడున్నర రెట్లు. కొత్త చెక్క అయితే కొన్ని వారాల్లోనే బీరు రంపపు పొట్టు నమిలినట్టు అయిపోతుంది. వారం వారం రుచి చూస్తూ, చాలు అనిపించిన రోజే దించేయాలి.

నేనైతే ప్రస్తుతానికి పీపాల జోలికి వెళ్లడం లేదు. 50 గ్రాముల ఓక్ ముక్కలు బూర్బన్‌లో నానుతున్నాయి, వచ్చే 20 లీటర్ల స్టౌట్ గాజు కార్బాయ్‌లోనే వాటితో మాగుతుంది. పీపా ఇచ్చే నెమ్మదైన గాలి ఇందులో ఉండదు, ఒప్పుకుంటాను. వెనిగరూ ఉండదు.

పొద్దున మళ్లీ ఆ ప్రకటన తెరిచి చూశాను. అదే ఫోటో. ఐదు నెలల తర్వాత కూడా ‘ఈ వారమే ఖాళీ చేసినది’ అనే ఉంది.