ఉప్పునీటి తొట్టి మసకబారితే ఏది మేలు: నీళ్ళు మార్చడమా, వడకట్టడమా, ఆగడమా?

ఒడిశాలోని బరంపురం నుంచి గోపాల్‌పూర్ సుమారు పదిహేను కిలోమీటర్లు. సముద్రం అంత దగ్గర కాబట్టి, ఇక్కడ ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్ళకి నీళ్ళు మసకబారగానే తోచేది ఒకటే: క్యాన్లు తీసుకెళ్ళి కొత్త నీళ్ళు తెచ్చి పోసేయడం. మా మూడడుగుల తొట్టి తెల్లబడినప్పుడు నేనూ సగం నీళ్ళు మార్చేశాను. మర్నాటికి మళ్ళీ బియ్యం కడిగిన నీళ్ళలా తయారైంది. ఆ తర్వాతి రోజు పొద్దున్నే రెండు క్లౌన్ చేపలూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

దారి చూపించింది మా అత్తయ్య. "ముందు ఒక గాజుగ్లాసులో నీళ్ళు పట్టి కదపకుండా పెట్టమ్మా. చెరువు నీళ్ళు తేరుకుంటాయో లేదో మేమలాగే చూసేవాళ్ళం" అన్నారు. అప్పటినుంచి ఏ మందు కొనేముందైనా ఈ పని చేస్తున్నాను. మసక ఒకటి రెండు నిమిషాల్లో మాయమైతే అవి గాలి బుడగలు. పంపు ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే పరికరం) నుంచి బుడగలు వస్తున్నాయి. గ్లాసు అడుగున పొడి చేరితే ఇసుక. గోధుమరంగు పీచులు కనిపిస్తే చేపల మలం, మిగిలిన మేత. మర్నాటికీ గ్లాసు అలాగే తెల్లగా ఉంటే అది బ్యాక్టీరియా. ఆకుపచ్చగా ఉంటే నాచు కణాలు.

కంటికి విడివిడిగా కనిపించే రేణువులకైతే వడకట్టడమే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. ఫిల్టర్ ఫ్లాస్ (దూదిలాంటి వడపోత పీచు) ఒక పొర వేస్తే చాలాసార్లు ఒక్క రాత్రిలో తేటపడుతుంది. కాకపోతే రెండు మూడు రోజులకోసారి దాన్ని మార్చాలి. లేకపోతే అందులో చిక్కుకున్న చెత్త అక్కడే కుళ్ళి మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది. యాక్టివేటెడ్ కార్బన్ పని వేరు. అది నీటి పసుపు రంగునీ వాసననీ తీస్తుంది, రేణువుల్ని కాదు.

అదే ఫ్లాస్ బ్యాక్టీరియా మసక ముందు ఓడిపోతుంది. ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) రంధ్రాలు కూడా సాధారణంగా 100 నుంచి 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బ్యాక్టీరియా ఒక మైక్రాన్ అటూ ఇటూ. జల్లెడతో పిండి ఆపాలనుకున్నట్టే. నీళ్ళు మార్చినా అంతే: 20 శాతం తీస్తే 80 శాతం బ్యాక్టీరియా తొట్టిలోనే ఉంటుంది, తినడానికి ఏదైనా ఉన్నంతసేపు కొన్ని గంటల్లోనే రెట్టింపవుతుంది. ఆ తిండి ఎక్కడుందో వెతకడమే అసలు పని. మా తొట్టిలో రాయి వెనక ఒక నత్త చచ్చి పడి ఉంది. దాన్ని తీసేశాను, మేత రెండు రోజులు ఆపాను, స్కిమ్మర్‌తో పాటు ఎయిర్ పంపు పెట్టాను. నాలుగో రోజుకి వెనక అద్దం కనిపించింది.

ఎయిర్ పంపు మాత్రం ఆలస్యం చేయకండి. ఉప్పునీళ్ళలో కరిగే ఆక్సిజన్ మంచినీళ్ళలో కంటే దాదాపు ఐదో వంతు తక్కువ, నీళ్ళు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. అందులో వాటా బ్యాక్టీరియా లాగేసుకుంటుంది. చేపల ప్రాణం మీదికొచ్చేది తెలుపు వల్ల కాదు, ఊపిరాడక.

యూవీ స్టెరిలైజర్ (అతినీలలోహిత దీపం ఉన్న పరికరం) పనిచేస్తుంది. దీపం పక్కనుంచి వెళ్ళే నీటిలోని బ్యాక్టీరియానీ నాచునీ చంపుతుంది, రాళ్ళ మీద బతికే మంచి బ్యాక్టీరియా జోలికి పోదు. పచ్చ మసకకి నేనైతే దానికే ఓటు వేస్తాను. తెల్ల మసకకి మాత్రం చచ్చిన నత్తని వదిలేసి యూవీ పెడితే ఖర్చు తప్ప ఫలితం నిలవదు.

పగడాలు పెంచేవాళ్ళకి ఇంకో రకం ఎదురవుతుంది. కాల్షియం ద్రావణం, ఆల్కలినిటీ (నీళ్ళు ఆమ్లంగా మారకుండా ఆపే గుణం) పెంచే బఫర్ ద్రావణం ఒకదాని వెంట ఒకటి పోస్తే నిమిషాల్లో మంచు కురిసినట్టు తెల్లబడుతుంది. రెండూ కలిసి సున్నపురాయి పొడిగా విడిపోవడమే కారణం. దాని మీద వెనిగర్ చుక్క వేస్తే పొంగుతుంది, కానీ పగడపు ఇసుక కూడా పొంగుతుంది. అందుకని ఆ పరీక్ష ఒక్కటే చాలదు, మసక ఏం పోశాక మొదలైందో గుర్తు చేసుకోవాలి. ఆ ద్రావణాలు పోయడం ఆపి, ఫ్లాస్ పెట్టి, కాల్షియం, ఆల్కలినిటీ కొలవండి. కాల్షియం లీటరుకి సుమారు 420 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ 8 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటే చాలు. ఉప్పు మిశ్రమం కలిపేటప్పుడు కూడా ఇదే జరగొచ్చు. ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు, తిరుగుతున్న నీళ్ళలో ఉప్పు కొద్దికొద్దిగా వేయాలి.

తేరుకోకపోతే ఇండుపు గింజ అరగదీద్దామా, పటిక తిప్పుదామా అని అత్తయ్య అడిగారు. కుండలో నీళ్ళకి అవి మంచివే. తొట్టిలో వద్దన్నాను. పటిక నీటి ఆల్కలినిటీని తగ్గిస్తుంది, అందులోని అల్యూమినియం పగడాలకి పడదు.

ఇక సముద్రపు నీళ్ళా, ప్యాకెట్ ఉప్పా? చలికాలంలో సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు గోపాల్‌పూర్ నీళ్ళు నాకు ఇష్టం. అలలు విరిగేచోట మాత్రం పట్టొద్దు, ఇసుకంతా అక్కడే ఉంటుంది. ఎయిర్ స్టోన్ (పంపు గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి) వేసి, మూత పెట్టి కొన్ని రోజులు ఉంచి, పైతేట మాత్రమే తీసుకోవాలి. వానాకాలంలో ఋషికుల్య నది బురదనీళ్ళు సముద్రంలో కలుస్తాయి, తీరం వెంట ఉప్పదనం పడిపోతుంది. ఆ నెలల్లో నేను ఆర్‌వో నీళ్ళు, ప్యాకెట్ ఉప్పుకే మారిపోతాను. ఏ నీళ్ళయినా సాంద్రత 1.025 చూశాకే పోస్తాను.

యూవీకి డబ్బు దాచుకుంటున్నవాళ్ళు ముందు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొనండి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఇప్పటికీ అక్టోబరులో గాలి లేచిందంటే మాకు కరెంటు టెన్షనే. పంపులు ఆగిపోయిన రాత్రి తొట్టి ఎంత తేటగా ఉన్నా, చేపలకి కావాల్సింది గాలే.