కూలరా, ఏసీనా? ముందు మీ ఊరిది పొడి వేడో, ఉక్కో చూడండి

రామగుండం ఎండ వేరు, విశాఖ ఉక్క వేరు. మే నెలలో రామగుండంలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, పెదాలు పగులుతాయి. విశాఖలో డిగ్రీలు తక్కువే ఉన్నా, సముద్రపు తేమకి చొక్కా వీపుకి అతుక్కుపోతుంది.

పనితీరు: అసలు తేడా ఇదే. కూలర్ ప్యాడ్ల మీద నీళ్లు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేస్తాయి. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. ఉక్కలో నీరు సరిగ్గా ఆవిరి కాదు. పైగా తలుపులు మూస్తే గదంతా జిడ్డుజిడ్డుగా తయారవుతుంది. ఏసీ మాత్రం తేమని నీళ్లుగా మార్చి పైపు గుండా బయటికి పంపేస్తుంది.

ఖర్చు: కూలర్‌కి సుమారు 200 వాట్లు, ఒకటిన్నర టన్నుల ఏసీకి దాదాపు 1,500. కరెంటు బిల్లు చూస్తే టెన్షనే.

శ్రమ: కూలర్‌కి రోజూ నీళ్లు పోయాలి. ఏసీకి అప్పుడప్పుడు ఫిల్టర్ కడిగితే చాలు.

రిస్క్: కూలర్ నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, గోడలు రుద్ది ఆరబెట్టండి. పిల్లలున్న ఇంట్లో దీన్ని దయచేసి వాయిదా వేయకండి.

రామగుండం, ఆదిలాబాద్, అనంతపురం వైపు ఎండాకాలానికి కిటికీ తెరిచి పెట్టిన కూలర్ చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో అయితే కూలర్ మీద డబ్బు పెట్టొద్దు. ఏసీ కొనలేకపోతే ఫ్యాను, ఎదురెదురు కిటికీలే మేలు.