అవే కాళ్ళు, అరగంట తేడా: హైదరాబాద్, ముంబై మారథాన్ల అనుభవం

ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్‌లో ఫుల్ మారథాన్ 4 గంటల 52 నిమిషాల్లో పూర్తి చేశాను. ఐదు నెలల తర్వాత జనవరిలో ముంబైలో అదే 42.195 కిలోమీటర్లకి 4 గంటల 24 నిమిషాలు పట్టింది. ఈ మధ్యలో కొత్తగా చేసిందేమీ లేదు. అదే షూ, హనుమకొండలో భద్రకాళి చెరువు బండ్ మీద వారానికి అదే నాలుగు రోజుల పరుగు. హైదరాబాద్ టైమ్ చూసుకుని వారం రోజులు దిగులుపడ్డాను. ముంబై వెళ్ళొచ్చాక తెలిసింది, ఆ దిగులు అనవసరమని.

ముందు హైదరాబాద్ సంగతి. ఫుల్ మారథాన్ నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. బయలుదేరే చోటు ఒకటి, చేరే చోటు ఇంకొకటి. పరుగు అయ్యాక వెంటనే స్నానం చేసి పడుకోవచ్చు కదా అని గచ్చిబౌలిలో హోటల్ తీసుకున్నాను. గది బాగుంది, తిండి బాగుంది. తెల్లవారుజామున మూడింటికి మాత్రం బుక్ చేసిన క్యాబ్ రెండుసార్లు క్యాన్సిల్ అయింది. చివరికి రోడ్డు మీద దొరికిన ఆటోకి అడిగినంత ఇచ్చి వెళ్ళాను. స్టార్ట్ లైన్‌కి చేరేలోపే గుండె దడ. అందుకే బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: బస లక్డీకాపూల్, ఖైరతాబాద్ వైపు చూసుకోండి. తిరిగి రావడానికి రాయదుర్గం దాకా ఆటోలో వచ్చి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే చాలు. పొద్దున మూడింటికి లేని బండి పదింటికి ఎలాగైనా దొరుకుతుంది.

ఇక అసలు పరుగు. హుస్సేన్ సాగర్ పక్కన మొదటి కిలోమీటర్లు చదునుగా, హాయిగా ఉంటాయి. ఆ హాయిని నమ్మి కిలోమీటరు 6 నిమిషాల 20 సెకన్ల పేస్‌లో వెళ్ళాను. చల్లగానే ఉంది కదా అనిపించింది కానీ గాలిలో తేమ విపరీతం. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడేది. తేమ నిండిన గాలిలో అది ఆవిరి కాదు, కారిపోతుంది. అప్పుడు గుండె రెండు పనులు చేయాలి: కాళ్ళకీ రక్తం పంపాలి, ఒంట్లో వేడి దించడానికి చర్మానికీ పంపాలి. బండ్ మీద ఇదే పేస్‌లో 150 దగ్గర ఉండే నా హార్ట్ రేట్ ఎనిమిదో కిలోమీటరుకే 162 చూపించింది. నేను వాచీని అనుమానించాను, వాతావరణాన్ని కాదు.

తర్వాత పంజాగుట్ట, జూబ్లీహిల్స్ ఎత్తులు, ఫ్లైఓవర్లు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. ఒక్కో ఎత్తు విడిగా చూస్తే పెద్దదేం కాదు. ఒకదాని వెనక ఒకటి రావడమే అసలు కష్టం. ఎక్కేటప్పుడు పోయిన టైమ్ దిగేటప్పుడు తిరిగొస్తుందనుకుంటాం, కానీ పూర్తిగా రాదు. పైగా దిగుడులో ప్రతి అడుగుకీ తొడల ముందు కండరాలు బ్రేకులా పనిచేసి అలిసిపోతాయి. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర షూలోకి చెమట దిగి అడుగు పడినప్పుడల్లా చిత్తడి నేల మీద నడిచినట్టు చప్పుడు. టోపీ అంచున ఉప్పు తెల్లగా గీత కట్టింది. ఒక వాలంటీర్ అమ్మాయి నా మొహం చూసి "అన్నా, ముందు కూర్చోండి, తర్వాత తాగుదురు" అని ఓఆర్ఎస్ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడింది. హైదరాబాద్ వాలంటీర్లకి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. నీళ్ళు, అరటిపళ్ళు ఎక్కడా తక్కువ కాలేదు.

ముంబైకి హుస్సేన్ సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను. తెల్లారేసరికి సీఎస్ఎంటీలో దింపుతుంది. స్టార్ట్ కూడా ఆ స్టేషన్ దగ్గరే కాబట్టి ఫోర్ట్ ప్రాంతంలో లాడ్జి తీసుకున్నాను. రాత్రికి 3,200 రూపాయలు, మంచం పక్కన బ్యాగు పెడితే నడవడానికి చోటు లేదు. అయినా స్టార్ట్‌కి పది నిమిషాల నడక, దానికి ఎంతైనా ఇవ్వొచ్చు. మూడున్నరకి టిఫిన్ ఇస్తామన్నారు, ఆ వేళకి కింద లైటు కూడా వేయలేదు. ముందురోజు కొనిపెట్టుకున్న బ్రెడ్డు, అరటిపళ్ళు ఆదుకున్నాయి. బిబ్ (చొక్కాకి పెట్టుకునే నంబర్ కాగితం) కోసం బీకేసీ, అంటే బాంద్రా కుర్లా కాంప్లెక్స్ దాకా వెళ్ళాలి. శనివారం దాకా ఆగకుండా శుక్రవారమే వెళ్ళిరండి, పరుగుకి ముందురోజు కాళ్ళకి విశ్రాంతి దొరుకుతుంది.

జనవరిలో అక్కడ ఏడు దాటాక గానీ సూర్యుడు రాడు. చీకట్లో దాదాపు సగం దూరం అయిపోయింది. మామూలు రోజుల్లో నడిచేవాళ్ళని రానివ్వని సీ లింక్ (సముద్రం మీది వంతెన) మీద ఆ వేళ గాలి తగులుతుంటే కాళ్ళు వాటంతటవే కదిలాయి. తేమ ఇక్కడా ఉంది కానీ ఆగస్టు ఉక్కపోత లేదు. దారి కూడా చాలామటుకు చదును. పెద్ద పరీక్ష ఒక్కటే, పెద్దర్ రోడ్ ఎత్తు. అదీ తిరుగు ప్రయాణంలో, 35 కిలోమీటర్లు దాటి, ఎండ ఎక్కాక ఎదురవుతుంది. అక్కడ ఒక కిలోమీటరుకి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఫుట్‌పాత్ మీద కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దావిడ స్టీలు పళ్ళెంలో నారింజ తొనలు, చిక్కీ ముక్కలు పెట్టి అందరికీ పంచుతోంది. ఆ తొన పులుపు ఇప్పటికీ నాలుక మీద ఉంది.

వాతావరణాన్ని బట్టి టైమ్ మారడం మనలాంటి వాళ్ళకే జరిగేది కాదు. బోస్టన్‌లో 2018లో చలివాన, ఎదురుగాలిలో పురుషుల విజేత టైమ్ 2:15:58. మరుసటి ఏడు అదే దారిలో 2:07:57. 2019లో దోహా ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో వేడికి భయపడి మహిళల మారథాన్‌ని అర్ధరాత్రి పెట్టారు. అయినా 68 మంది బయలుదేరితే 40 మందే గమ్యం చేరారు. అలాంటివాళ్ళకే అంత తేడా వచ్చినప్పుడు నా 28 నిమిషాలకి నేను సిగ్గుపడాల్సిన పనిలేదు.

మంచి టైమ్ కావాలి, మొదటి ఫుల్ అంటే ముంబై వెళ్ళండి. ఖర్చు ఎక్కువే, నాకు రైలు, గది, తిండి కలిపి పదమూడు వేలు దాటింది. కానీ నాకు మాత్రం మళ్ళీ హైదరాబాద్ పరిగెత్తాలని ఉంది. ఈసారి పేస్ చూడను, హార్ట్ రేట్ 150 దాటకుండా జూబ్లీహిల్స్ ఎక్కాలి, ఫ్లైఓవర్ల మీద అవసరమైతే నడవాలి. వారానికి ఒక రోజు పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టాను. టార్గెట్ 4:40. లక్డీకాపూల్‌లో గది ఇప్పుడే చెప్పి ఉంచాను.