తప్పు పెట్టి వెతకమన్న ల్యాబ్: ఆటోమేషన్ పీజీ సర్టిఫికెట్ చేసిన రెండేళ్లకు

ఈ కోర్సు గురించి నన్ను అడిగేవాళ్లంతా మొదట ఫీజు అడుగుతారు, తర్వాత ఉద్యోగం వస్తుందా అంటారు. నేను ముందు ల్యాబ్ గురించే చెబుతాను. ఇండస్ట్రియల్ ఆటోమేషన్‌లో ఏడాది పీజీ సర్టిఫికెట్ ఇది. శనివారాలు హైదరాబాద్‌లో క్లాసులు, మిగతావి వీడియోలు. బీటెక్ ట్రిపుల్ఈ చదివి, మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తూ చేరాను. పూర్తయి రెండేళ్లు దాటింది. వీడియోల్లో విన్నది సగం గుర్తు లేదు. ల్యాబ్‌లో చేసింది ఒక్కటి కూడా మరిచిపోలేదు.

మొదటి సెమిస్టర్‌లో మాకు చెప్పిన సార్ బాగున్న కిట్ ఎప్పుడూ ఇవ్వలేదు. మేం టీ తాగి వచ్చేలోపు ఏదో ఒకటి చెడగొట్టి పెట్టేవారు. ఒక వారం టెర్మినల్ స్క్రూ వదులు చేసేవారు, ఇంకో వారం 250 ఓమ్‌ల రెసిస్టర్ తీసి వేరేది పెట్టేవారు. ముందు ఏది బాగుందో తేల్చు, చెడింది ఏదో తర్వాత చెప్పు అనేవారు. ఏ కొలత తీశాం, దాన్ని చూసి దేని మీద అనుమానం వదిలేశాం అన్నది నోట్‌బుక్‌లో వరసగా రాయాలి. తప్పు దొరికినా ఆ వరస రాయకపోతే మార్కులు లేవు. అప్పటిదాకా నాకు మెయింటెనెన్స్ అంటే అనుమానం వచ్చిన పార్టు మార్చి చూడటమే.

ప్రెషర్ లాంటివి కొలిచి కరెంటు రూపంలో పంపే ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీయాంప్ దాకా ఉంటుందని కాలేజీలోనే చదివాను. సున్నా నుంచి కాకుండా 4 నుంచి ఎందుకన్నది మాత్రం సార్ వైరు పీకి చూపించిన రోజే అర్థమైంది. 4 వస్తే ప్రెషర్ లేదని, 0 వస్తే వైరు తెగిందని. రెండింటికీ ఒకటే అంకె వస్తే బాయిలర్ దగ్గర నిలబడ్డ మనిషి దేన్ని నమ్మాలి?

ఆ ల్యాబ్ విలువ గత యాసంగిలో తెలిసింది. సాగర్ ఎడమ కాలువ కింది వడ్లన్నీ ఒక్కసారే మిల్లులకు వచ్చి పడే రోజులవి. యాసంగి వడ్లు పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ పోతుంది, అందుకే ఉడకబెట్టాలి. బాయిలర్ ఆగితే పని అంతా ఆగినట్టే. అలాంటి ఒక రాత్రి ఆవిరి ప్రెషర్ రీడింగ్ ఎగిరెగిరి పడటం మొదలైంది. బాయిలర్ మీద డయల్ గేజ్ ముల్లు నిలకడగానే ఉంది, ప్యానెల్‌లో అంకె మాత్రం నిలవడం లేదు. ఆ అంకెను నమ్మి పీఎల్‌సీ, అంటే ప్యానెల్‌లో ఉండి యంత్రాలను నడిపే కంప్యూటర్, బాయిలర్‌లోకి ఊక వేసే ఫీడర్‌ను ఒకసారి ఆపుతూ ఒకసారి తిప్పుతూ ఉంది. షిఫ్ట్‌లో ఉన్న ఫిట్టర్ అన్న స్టోర్ నుంచి కొత్త ట్రాన్స్‌మిటర్ తెచ్చి బిగించాడు. అదీ అంతే. నాకు ఫోన్ వచ్చేసరికి రాత్రి రెండైంది. ట్యాంకుల్లో వడ్లు నానుతున్నాయి, మరీ ఎక్కువసేపు నానితే బియ్యానికి వాసన పట్టుకుంటుంది. సేటు టెన్షన్‌తో గేటు దగ్గరే తిరుగుతున్నాడు.

ఫీడర్‌ను చేత్తో నడిపించమని చెప్పి, ట్రాన్స్‌మిటర్ దగ్గర రెండు వైర్లు విప్పాను. దాని బదులు లూప్ క్యాలిబ్రేటర్‌తో, అంటే మనం పెట్టినంత కరెంటు పంపే పరికరంతో, 12 మిల్లీయాంప్ పంపాను. 4కూ 20కీ నడిమిది కాబట్టి ప్యానెల్‌లో సరిగ్గా సగం రావాలి. అంకె ఆ సగం చుట్టూ అలాగే ఎగురుతోంది. అంటే ట్రాన్స్‌మిటర్‌ది తప్పు లేదు. తర్వాత ప్యానెల్ టెర్మినల్ దగ్గర కేబుల్ విప్పి అక్కడే 12 ఇచ్చాను. అంకె కదల్లేదు, అంటే సిగ్నల్ తీసుకునే పీఎల్‌సీ కార్డు బాగుంది. ఇక మిగిలింది మధ్యలో కేబుల్. కేబుల్ మళ్లీ కలిపి, అవతలి చివర క్యాలిబ్రేటర్ పెట్టి, ఊక వేయడం ఆపించి, మంట తగ్గాక బాయిలర్ పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాన్ డ్రైవ్‌ను, అంటే ఆ ఫ్యాన్ మోటారు వేగాన్ని మార్చే పరికరాన్ని, రెండు నిమిషాలు ఆపాం. అంకె మేకు కొట్టినట్టు నిలబడింది.

టార్చ్ వేసుకుని కేబుళ్లు పరిచే ట్రే వెంట పోతే సంగతి కనబడింది. ఆ పగలు ఇంకో పని మీద ట్రే విప్పినవాళ్లు, సిగ్నల్ కేబుల్‌ను డ్రైవ్ నుంచి మోటారుకు పోయే కేబుల్ పక్కనే పరిచిపోయారు. డ్రైవ్ వోల్టేజీని సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ మోటారుకు ఇస్తుంది. ఆ అలజడి పక్కనున్న సన్న కేబుల్‌లోకి ఎక్కుతుంది. పైగా ఆ అలజడిని ఆపడానికి కేబుల్ చుట్టూ ఉండే షీల్డ్‌ను ఒక్క చివరే ఎర్త్‌కు కట్టాల్సింది, రెండు చివర్లా కట్టారు. మూడో శనివారం సార్ మా కిట్‌కు పెట్టిన తప్పు అచ్చం ఇదే! సిగ్నల్ కేబుల్‌ను విడిగా వేరే దారిలో వేసి, షీల్డ్‌ను ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేశాం. తెల్లవారేసరికి ఫీడర్ మళ్లీ ఆటోలో నడిచింది. ఆ నెల జీతంతో పాటు సేటు నా కోర్సు ఫీజులో సగం చేతిలో పెట్టాడు. నేను అడగలేదు.

అయితే పైన చెప్పిందంతా మొదటి సెమిస్టర్ మాట. రెండో సెమిస్టర్‌కు ఆ సార్ వెళ్లిపోయారు. తర్వాత వచ్చినాయన బోర్డు ముందు నిలబడి కిట్ నడిపి చూపించేవారు, మేం ఫొటోలు తీసుకునేవాళ్లం. ఇరవై నాలుగు మందికి నాలుగే కిట్లు, కాబట్టి మొదటి సెమిస్టర్‌లో కూడా ముందుగా పోయినవాళ్లకే చేతికి పని దొరికేది. నేను శుక్రవారం రాత్రి బస్సెక్కి ఎల్బీనగర్‌లో మా పిన్ని ఇంట్లో పడుకునేవాణ్ని కాబట్టి నాకు దొరికింది. సర్టిఫికెట్ చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది, మూడుసార్లు తిరిగాను.

థియరీ కోసమే అయితే అంత ఫీజు అక్కర్లేదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు ఉండే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల ఇండస్ట్రియల్ ఆటోమేషన్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, మా వీడియోల కంటే అవే లోతుగా ఉన్నాయి. ఇది ఎంటెక్‌తో సమానం కాదు. ఏఈ, ఏఈఈ లాంటి ప్రభుత్వ ఇంజనీర్ పోస్టులకు అడిగేది డిప్లొమా లేదా బీటెక్, అక్కడ దీనితో పని లేదు.

నాకు పనికొచ్చింది. శనివారం నేర్చుకున్నది సోమవారం చేసి చూసుకోవడానికి మిల్లు ఉంది, సీజన్ కాని రోజుల్లో శనివారం సెలవు ఇచ్చే సేటు ఉన్నాడు, అప్పటికి పెళ్లి కాలేదు. చేతిలో పని లేకుండా, ఇది చేస్తే ఉద్యోగం వస్తుందని చేరేవాళ్లకు నేను అంత గట్టిగా చెప్పలేను. మా బ్యాచ్‌లో అలా చేరినవాళ్లు కొందరు ఇంకా వెతుకుతున్నారు.

మా పక్క మిల్లు తమ్ముడు ఈ ఏడు చేరతానంటున్నాడు. ఫీజు కట్టే ముందు ఒక శనివారం పోయి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడమన్నాను. స్క్రూడ్రైవర్ పిల్లల చేతుల్లో ఉందా, సార్ చేతిలో ఉందా చూసుకుని రమ్మన్నాను. వచ్చే వారం పోతాడు.