అబద్ధమైనా అతకాలి కదా! 'డాక్టర్ హూ'లో 'కిల్ ద మూన్' ఎపిసోడ్

టైమ్ మెషీన్ నీలం రంగు పోలీసు పెట్టెలా ఉంటుందంటే నమ్మాను. బయటికి చిన్నది, లోపల పెద్దది అంటే అదీ నమ్మాను. బీబీసీ వాళ్ల సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ 'డాక్టర్ హూ' చూసేటప్పుడు లాజిక్‌ని చెప్పులతోపాటు గుమ్మం బయటే వదిలేస్తాను. ఫిజిక్స్ ట్యూషన్లు చెప్పుకునేవాడికి అది కాస్త కష్టమే, అయినా వదిలేస్తాను. 'కిల్ ద మూన్' చూస్తుంటే మాత్రం మధ్యలో లేచి వెళ్లి ఆ చెప్పులు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇది ఎనిమిదో సిరీస్‌లోది, 2014 అక్టోబర్ 4న బీబీసీలో వచ్చింది. కథ మొత్తం చెప్పేస్తున్నాను, చూడనివాళ్లు ఇక్కడే ఆగండి. 2049లో చందమామ ఉన్నట్టుండి బరువెక్కుతుంది. భూమ్మీద సముద్రాలు పోటెత్తి ఊళ్లు మునుగుతాయి. మ్యూజియంలోంచి తీసిన పాత స్పేస్ షటిల్‌లో వంద అణుబాంబులు వేసుకుని వ్యోమగాములు చందమామ మీదికి వెళ్తారు. టైమ్ మెషీన్‌లో తిరిగే హీరో డాక్టర్, అతనితో తిరిగే టీచర్ క్లారా, ఆమె స్టూడెంట్ కోర్ట్నీ సరిగ్గా ఆ షటిల్‌లోనే తేలతారు. అసలు షటిల్ భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తు దాటి ఎప్పుడూ వెళ్లలేదు, చందమామ ఉన్నది దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరంలో. పోనీలే అనుకున్నాను. మొదటి పావుగంట బాగా భయపెట్టింది కూడా. లాన్సరోటే దీవిలోని అగ్నిపర్వత నేల మీద తీశారు, అచ్చం చందమామలాగే ఉంది.

డాక్టర్ యో-యో ఆడించి గురుత్వాకర్షణ చూస్తాడు. అది నాకు భలే నచ్చింది, క్లాసులో చేసి చూపించాలనిపించింది. తర్వాతే వచ్చింది తంటా. చందమామ 130 కోట్ల టన్నులు పెరిగిందని, అందుకే అక్కడ భూమ్మీద నడిచినట్టే నడవగలుగుతున్నామని చెప్పారు.

ఆ అంకె చెప్పకుండా ఉంటే నేను నోరు మూసుకుని చూసేవాణ్ని. చెప్పారు కాబట్టి కాగితం తీశాను. పొడవు, వెడల్పు, లోతు అన్నీ కిలోమీటరే ఉన్న చెరువులో పట్టే నీళ్లు 100 కోట్ల టన్నులు. అంటే 3,474 కిలోమీటర్ల వ్యాసమున్న చందమామ మీద అంతకంటే కాస్త పెద్ద చెరువొకటి ఒలకబోశారన్నమాట. చందమామ ద్రవ్యరాశి 7 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని టన్నులు. పెరిగింది అందులో 5,600 కోట్ల వంతుల్లో ఒక వంతు. 60 కిలోల మనిషి చందమామ మీద తూగేదే 10 కిలోలు. ఈ పెరుగుదలతో ఆ మనిషికి కలిసొచ్చేది గ్రామును 56 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. భూమ్మీద నడిచినట్టు నడవాలంటే ఈ చందమామ లోపల ఇంకో ఐదు చందమామల్ని కుక్కాలి. ఊళ్లు ముంచేంత పోటు సంగతి ఇక అడగొద్దు.

బరువెందుకు పెరిగిందంటే, చందమామ గుడ్డట. పది కోట్ల ఏళ్లుగా లోపల పిల్ల పెరుగుతోందట. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అక్కడ రిమోట్ నొక్కి ఆపేసింది. "నాన్నా, పిల్ల తినేది గుడ్డులో ఉన్నదే కదా, మరి బరువెలా పెరుగుతుంది?" నా దగ్గర జవాబు లేదు. నిజానికి కోడిగుడ్డు పొదిగే 21 రోజుల్లో పెంకు రంధ్రాల్లోంచి తేమ పోయి పదో వంతుకు పైగా తగ్గుతుంది కూడా. ఇక వయసంటారా, అపోలో వాళ్లు తెచ్చిన రాళ్లలో 300 కోట్ల ఏళ్లు దాటినవి బోలెడున్నాయి. గుడ్డుకంటే పెంకు ముందు పుట్టిందనుకోవాలి.

కుక్కంత సాలీళ్లు వస్తాయి, అవి ఏకకణ జీవులని చెప్తారు, కోర్ట్నీ క్రిములు చంపే స్ప్రే కొట్టి ఒకదాన్ని చంపేస్తుంది. దీనికి కోపం రాలేదు, నవ్వొచ్చింది.

కోపమొచ్చింది ఓటింగ్ దగ్గర. పిల్లను చంపాలా వద్దా అని క్లారా భూమ్మీది జనాన్ని అడుగుతుంది. చంపమనేవాళ్లు లైట్లు ఆర్పాలి, వద్దనేవాళ్లు వెలిగించే ఉంచాలి. చందమామ మీంచి ఒకసారికి కనిపించేది సగం భూమే. అవతలి సగం ఓట్లు ఎవరు లెక్కపెట్టారు? పగలున్న దేశాల వాళ్లు ఏం ఆర్పారు? సబ్‌స్టేషన్‌లో ఒకాయన మెయిన్ దించేస్తే ఊరు ఊరంతా చంపమన్నట్టేనా? మొత్తం కథలో అతి పెద్ద నిర్ణయాన్ని ఈ లైట్ల మీద నిలబెట్టారు. చివరికి చంపమన్న ఆ తీర్పును క్లారా పక్కనపెట్టి బాంబులు ఆపేస్తుంది. లెక్క తప్పైనా మనిషి రైటు.

పిల్ల పుట్టింది, పెంకు ముక్కలై మాయమైంది. పుట్టీ పుట్టగానే ఆ పిల్ల ఇంకో గుడ్డు పెట్టేసి ఎగిరిపోయింది. పాత చందమామంత గుడ్డు! అప్పుడే గుడ్డులోంచి వచ్చింది తనంత గుడ్డు ఎలా పెడుతుందని మా అమ్మాయి అడగలేదు. పకపకా నవ్వుతోంది.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. నిర్ణయం మీరే తీసుకోండని మధ్యలో వదిలేసి వెళ్లిన డాక్టర్‌ను చివర్లో క్లారా కడిగిపారేస్తుంది. క్లారాగా వేసిన జెన్నా కోల్‌మన్ గొంతు పూడుకుపోతుంటే, డాక్టర్‌గా వేసిన పీటర్ కపాల్డి తనేం తప్పు చేశాడో అర్థంకాక నిలబడతాడు. సైన్స్‌కు సున్నా, ఆ సీనుకు మాత్రం ఐదుకు ఐదు. రెండోసారి పెట్టుకున్నప్పుడు నేరుగా అక్కడికే వెళ్లి చూశాం.