గుట్ట వాలు మీద మూడు మట్టాల గ్యారేజీ: నాలుగు వానాకాలాల తర్వాత

2021లో వరంగల్ దగ్గర మడికొండ వైపు, గుట్ట వాలు మీద ఒక పాత ఇల్లు కొన్నాం. దాని పక్కనున్న గ్యారేజీ ఇంటికంటే పాతది. వాలును బట్టి కట్టారు కాబట్టి మూడు మట్టాల్లో ఉంటుంది. కింద రోడ్డు మట్టానికి కారు, మధ్యలో ఇంటి వాకిలి మట్టానికి బండ్లూ సామానూ, ఆ పైన రేకుల కింద ఒక గది. మరుసటి ఎండాకాలంలో మొత్తం బాగు చేయించాం. పని అయిన కొత్తలో ఏదైనా బాగానే కనిపిస్తుంది. నాలుగు వానాకాలాలు పోయాయి కాబట్టి ఏది నిలిచిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు.

ఎక్కువ చెప్పాల్సింది కింది మట్టం వెనక గోడ గురించే. డంగు సున్నంతో కట్టిన రాతి గోడ అది, అవతల నేరుగా గుట్ట మట్టి. పాత ఓనరు లోపలివైపు సిమెంటు గిలాబు చేయించి, మీద వాటర్‌ప్రూఫ్ రంగు కొట్టించాడు. మేం కొనేనాటికి ఆ రంగు అప్పడంలా ఉబ్బి ఉంది. గోరుతో గీకితే తెల్లటి ఉప్పు పొడి రాలేది. పెయింటు షాపులో ఇంకా ఖరీదైన డబ్బా చూపించి, గ్యారంటీ ఇస్తామన్నారు. మా సుతారి మాత్రం గోడకు అరచెయ్యి ఆనించి చూసి, "నీళ్లు ఎన్కకెల్లి ఒత్తుతున్నయి సార్, ముంగట ఎంత పూసినా ఊడుడే" అన్నాడు. ఆయన మాటే విన్నాం.

గోడ అవతలి మట్టిని పునాది దాకా తవ్వించాం. ఒకేసారి తవ్వితే గుట్ట జారి పనివాళ్ల మీద పడుతుందని కొంచెం కొంచెంగా తవ్వుతూ, వెంటనే పూడుస్తూ పోయారు. అడుగున చిల్లుల పైపు వాలుగా పరిచి, చుట్టూ 20 ఎంఎం కంకర నింపి, మట్టి కలవకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ కప్పారు. పైపు పోయి పక్క మోరీలో తేలుతుంది. లోపలి సిమెంటు గిలాబంతా కొట్టేయించి రాళ్ల సందులు మళ్లీ సున్నంతోనే నింపించాం. సున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు దాన్ని లోపలే ఆపి, చివరికి పెచ్చులుగా ఊడిపోతుంది.

2023 జూలై చివరి వానలు దీనికి అసలు పరీక్ష. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది అప్పుడే. మా దగ్గర అంత పడలేదు గానీ, వరంగల్ నగరంలో హంటర్ రోడ్డూ నయీంనగరూ నీళ్లలో ఉన్నాయి. రాత్రి టార్చి పట్టుకుని కిందికి దిగాను. మోరీలోకి పైపు నుంచి బొటనవేలంత ధార ఆగకుండా పడుతోంది, నీళ్లు దాదాపు తేటగా ఉన్నాయి. అంటే మట్టి కొట్టుకు రావడం లేదు, గుడ్డ పని చేస్తోంది. గోడ అడుగు వరసలు చెమ్మగిల్లాయి, నేల మాత్రం పొడిగా ఉంది. ఆ రాత్రితో టెన్షన్ పోయింది.

అలాగని గోడ పూర్తిగా ఎండిందని అనుకోవద్దు. శ్రావణంలో మట్టి వాసన ఉంటుంది, ప్లైవుడ్ అల్మారా ఆనిస్తే బూజు పడుతుంది. మేం ఇనుప ర్యాకు పెట్టి, గోడకు జానెడు ఎడం వదిలాం. మృగశిర కార్తె రాకముందే పైపు మూతి దగ్గర ఆకులూ చెత్తా తీయాలి, లేకపోతే చేసిన ఖర్చంతా దండగ.

మధ్య మట్టం నేల గడ్డర్ల మీద పరిచిన షాబాద్ బండలు. సుతారి గడ్డర్ల పొడవునా సుత్తితో కొడుతూ పోతే నడుమ టంగుమని మోగింది. వెనక గోడలోకి దిగిన కొసల దగ్గర చప్పుడు మొద్దుబారి, తుప్పు పొరలు పొరలుగా రాలింది. ఇంజనీరును పిలిపించి చూపించాకే ముట్టుకున్నాం. ఆ కొసల కింద ఇనుప స్తంభాలు నిలబెట్టి ప్లేట్లు వేశారు. ఇప్పటికి బండలు కదల్లేదు, బీటలూ లేవు. ఇబ్బంది ఒక్కటే: స్తంభం అడ్డొచ్చి డ్రైవర్ పక్క డోరు సగమే తెరుచుకుంటుంది. మా ఆవిడ కారు రోడ్డెక్కాకే ఎక్కుతుంది. నేను పొట్ట లోపలికి పీల్చుకుని దిగుతాను.

రోడ్డు నుంచి లోపలికి వచ్చే వాలుకు గాళ్లున్న పార్కింగ్ టైల్స్ వేయించాం. వానలో కూడా టైరు జారలేదు. షట్టరుకు మోటారు పెట్టించాం, కరెంటు పోతే గొలుసుతో లాగొచ్చు. మొరం దుమ్ము పట్టాల్లో చేరితే మాత్రం వీధంతా వినేలా అరుస్తుంది.

ఇక పై గది. పాత సిమెంటు రేకులు ఆస్బెస్టాస్‌వి, కోతులు దూకి చాలాచోట్ల పగలగొట్టాయి. వాటిని కొయ్యడం, విరగ్గొట్టడం చేస్తే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకే నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, ఉన్నవి ఉన్నట్టుగా దింపించాం. వాటి స్థానంలో కింద ఫోమ్ ఉన్న కలర్ రేకులు వేశాం. వేడి బయటికి పోవాలని గాలికి తిరిగే వెంటిలేటరు కూడా పెట్టించాం. రేకులు కారలేదు, అది నిజం. కానీ మే నెలలో పొద్దున పదకొండు దాటితే ఆ గదిలో మనిషి ఉండలేడు. గుట్ట మీది కోతులు దిగినప్పుడల్లా రేకుల మీద డప్పు మోతే. పెద్ద కోతి ఒకటి వెంటిలేటరు మీద కూర్చుని దాన్ని తిరగనివ్వదు. ఆ గదిని ఆఫీసుగా వాడుకుందామని పిల్లలు ముచ్చటపడ్డారు, ప్రస్తుతం అందులో పాత కూలరూ సంక్రాంతి పతంగులూ ఉన్నాయి.

మార్కులు అడిగితే వెనక గోడ పనికి ఐదుకు ఐదు, మధ్య మట్టానికి నాలుగు, పై గదికి రెండే. ఇలాంటి వాలు మీద ఇల్లు కొనేవాళ్లు బేరం ఖాయం చేసుకునే ముందు ఆగస్టులో, ముసురు పట్టిన రోజు ఒకసారి వచ్చి వెనక గోడ చూసుకోండి. ఏప్రిల్‌లో ప్రతి గోడా పొడిగానే ఉంటుంది.