బోటులో డీజిల్ పొయ్యి, పొగగొట్టం పెట్టించేవాళ్లు ముందు ఇది చదవండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం వల్ల చేపల వేట ఆగే 61 రోజుల్లోనే మనం బోటు పనులన్నీ చేయించుకుంటాం. పోయిన నిషేధంలో మేమూ గ్యాస్ సిలిండరు తీసేసి, డీజిల్‌తో మండే పొయ్యి పెట్టించాం. వంటకి వంట, వానాకాలంలో క్యాబిన్‌కి వెచ్చదనం, పైగా డీజిల్ ఎలాగూ బోటులో ఉంటుంది. విశాఖలోనే ఒక షాపువాళ్లు పొగగొట్టంతో సహా 38 వేలకి బిగించారు. తెల్ల కాగితం మీద రాసిచ్చారు తప్ప బిల్లు లేదు. అది మా మొదటి తప్పు.

తర్వాత ఒక వేటలో, మూడో రాత్రి వాన. తలుపులు మూసి పడుకున్నాం. కాసేపటికి ఇద్దరు కళాసీలు తలనొప్పి అన్నారు, ఒకడు వాంతి చేసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా సముద్రం మీద ఉన్న మనిషికి కడుపులో తిప్పడమేమిటి? బోటు నడిపే మా మావయ్యకే ముందు అనుమానం వచ్చింది. "ఒరేయ్, ఇది సముద్రం తిప్పు కాదురా, తలుపులు తియ్యండి" అని అరిచి పొయ్యి ఆపేశాడు. ఆ అరుపు లేకపోతే ఈ పోస్టు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదేమో. మంట సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడకపోయినా అది ఉండొచ్చు.

గొట్టం డ్రైవరు గది కప్పు కంటే కిందే ఆగిపోయింది. గాలి ఆ కప్పుకి కొట్టుకుని దిగి, పొగని తిరిగి లోపలికి నెట్టింది. గాలి లోపలికి రావడానికి విడిగా కంత కూడా పెట్టలేదు. మంటకి గాలి చాలక పసుపు రంగుకి తిరిగి మసి కట్టింది.

ఒడ్డుకొచ్చాక కప్పు దగ్గరున్న రేకు విప్పాం. గొట్టం చుట్టూ చెక్క బొగ్గులా నల్లబడి ఉంది, గోరుతో గీస్తే పొడి రాలింది. చెక్కకీ గొట్టానికీ మధ్య వేలు దూరేంత సందు కూడా లేదు. అలా రోజూ కాలిన చెక్క రానురాను తక్కువ వేడికే అంటుకుంటుంది. 2023 నవంబరులో విశాఖ హార్బరులో ఒక్క రాత్రిలో అన్నేసి బోట్లు కాలిపోవడం చూసినవాళ్లం, ఆ నల్లటి వలయం చూస్తే కాళ్లు వణికాయి.

గొట్టం సంగతి ఇంకో మోసం. "అయస్కాంతం అంటుకోదు బాబూ, మంచి స్టీలు" అని చూపించి మరీ అమ్మారు. 202 రకం చవక స్టీలుకి కూడా అయస్కాంతం అంటుకోదు! ఉప్పుగాలికి నిలిచేది మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం. మా గొట్టం అతుకుల దగ్గర రెండు నెలల్లోనే తుప్పు పట్టింది. అడిగితే "గాలి తప్పు" అన్నారు, ఒక్క రూపాయి తిరిగివ్వలేదు.

తర్వాత హార్బరులోని వెల్డరు చేత 316 గొట్టం, దాని చుట్టూ ఇంకో గొట్టం, మధ్యలో వేడిని ఆపే సిరామిక్ ఊలు వేయించాం. చెక్కని వెడల్పుగా కోసి రేకు బిగించి, గొట్టం కప్పు దాటేలా పెంచి, పైన టోపీ పెట్టించాం. క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాం. డబ్బు ఇచ్చేముందు బిల్లులో స్టీలు గ్రేడు రాయించండి, కప్పు దగ్గర రేకు విప్పించి మీ కళ్లతో చూడండి. పొయ్యి మండుతుండగా ఎవరికైనా తల బరువెక్కితే మాత్ర కోసం వెతక్కండి. ముందు పొయ్యి ఆపి, అందరినీ డెక్కు మీదకి తీసుకురండి.

పాత గొట్టం, కాలిన చెక్క ముక్క ఇంకా మా బోటులోనే ఉన్నాయి. జెట్టీ దగ్గర కనిపిస్తే అడగండి, చూపిస్తాను.